సవరణల ఫోల్డరు

మా అక్క భర్తను ఆఫీసులో అందరూ తాళాలాయన అనేవారు. నిజానికి ఆయన దగ్గర ఒక్క తాళంచెవి కూడా ఉండేది కాదు. భవనాల ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో ఫైళ్లన్నీ ఒకే సర్వర్‌లో ఉండేవి. ఏ ఫోల్డరు ఎవరికి తెరుచుకోవాలో, ఎవరికి అసలు కంటపడనే కూడదో చూసేది మా బావ. ఇరవై రెండేళ్లు అదే పని. ఏసీ గదిలో స్వెట్టరు తొడుక్కుని కూర్చునేవాడు, ఇంటికొచ్చినా విప్పేవాడు కాదు. మనిషి మంచివాడే. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

ఎవరైనా ఫోన్ చేసి ఫైలు తెరుచుకోవడం లేదంటే, కుర్చీలోంచి కదలకుండా తన లాగిన్‌తోనే చూసేవాడు. ఆ లాగిన్‌కి తెరుచుకోనిదంటూ లేదు. కాబట్టి తప్పెప్పుడూ అవతలివాళ్లదే అయ్యేది.

నా భార్య అక్కడే డ్రాయింగులు గీసేది. ఐదేళ్లు కాంట్రాక్టు మీద చేసి చేసి అప్పుడే పర్మినెంట్ అయింది. ఒక స్కూలు పునాది ప్లానులో కొలతలు మార్చి, కొత్తది సవరణల ఫోల్డరులో పెట్టానని ఇంజనీరు చెప్పాడు. ఆమెకు ఆ ఫోల్డరే కనిపించలేదు. బావకు ఫోన్ చేసింది.

"ఉంది కదమ్మా, నా కళ్లెదురుగానే ఉంది. సరిగ్గా చూడు," అన్నాడాయన.

మళ్లీ చేసింది, మళ్లీ అదే మాట. మూడోసారి అడగడానికి మొహమాటపడింది. ఎంతైనా ఆడపడుచు భర్త. మార్పులు తన దగ్గరున్న ప్లానులోనే కలిపేసి ఉంటారనుకుని దాన్నే సైటుకి పంపింది. పాత కొలతలతోనే పునాది వేశారు, ఆనక తవ్వి పారేశారు. విచారణలో ఆమె ఫోల్డరు కనిపించలేదంది, మా బావ ఉందన్నాడు. నిర్లక్ష్యం, పైగా అబద్ధం అని రాసి ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ తర్వాత ఊళ్లో ఏ ఆఫీసూ ఆమెను గడప తొక్కనివ్వలేదు. సరిగ్గా చూశావా అని నేనూ ఒకసారి అడిగాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆరేళ్లు గడిచాయి. మొన్న బావ రిటైరయ్యాడు. వారం తిరక్కుండా మా ఇంటికొచ్చి, మంచినీళ్లు కూడా ముట్టకుండా చెప్పేశాడు. కాంట్రాక్టువాళ్లకు ఆ ఫోల్డరు కనిపించకుండా నిషేధం పెట్టింది ఆయనే. నా భార్యను పర్మినెంటువాళ్ల జాబితాలో చేర్చాడు గానీ కాంట్రాక్టు జాబితాలోంచి పేరు తీయడం మరిచిపోయాడు. రెండింట్లోనూ పేరుంటే, ఒకటి రమ్మన్నా రెండోది వద్దంటే, ఆ వద్దన్న మాటే చెల్లుతుందట. ఆమెను పంపేసిన నాలుగో రోజున పేరు కొట్టేయబోతుంటే ఇది బయటపడిందట. ఇరవై అడుగులు నడిచి ఆమె సీట్లో కూర్చుని చూసి ఉంటే ఆ రోజే తెలిసేది.

తప్పు తనదేనని రాసి మేనేజరుకిచ్చాడట. బయటికొస్తే మన ఉద్యోగాలు పోతాయి, సర్వర్‌లో మనిద్దరికే కనిపించే చోట పెట్టండి, తర్వాత చూద్దాం అన్నాడట మేనేజరు. మా బావ తలూపి తన చేత్తోనే పెట్టాడు. ఆ ఆరేళ్లూ మా ఇంటికి వస్తూనే ఉన్నాడు, ఆమె వడ్డిస్తే తింటూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి చేసుకునేవాణ్ణేమో, ఆమె ఆపింది.

"ఆ కాగితం ఇప్పుడెక్కడుంది అన్నయ్యా?" అని అడిగింది.

"అక్కడే ఉందమ్మా. రిటైరైన రోజే నా లాగిన్ తీసేశారు, ఇప్పుడది నాకూ తెరుచుకోదు. మేనేజరును అడిగితే అలాంటిదేం లేదంటున్నాడు. ఉందమ్మా, నిజంగా ఉంది. నువ్వైనా నమ్ము."

"నమ్ముతాను అన్నయ్యా. కనిపించనంత మాత్రాన లేదని నేననను. నేను చెప్పినప్పుడు మీరు లేచి రాలేదు, అంతే."

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. ఆమె వెళ్లి తలుపు తీసి, ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగేదాకా పట్టుకుని నిలబడింది.