టీచరమ్మ రెండోసారి నేర్చుకున్న డ్రైవింగు

మా టీచరమ్మ ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ఆవిడ నేర్పింది కారు నడపడం. అయినా ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకి ఆవిడ టీచరమ్మే. మందుల షాపులో ఉద్యోగానికి నేను ఆ ఊరు వెళ్ళినప్పుడు వాళ్ళింటి మేడమీద గది అద్దెకి తీసుకున్నాను. కిటికీ తెరిస్తే కింద వాకిట్లో లేత నీలం రంగు కారు, దాని నెత్తిన "నేర్చుకుంటున్నాం, కాస్త ఓపిక పట్టండి" అని రాసిన రేకు పలక కనిపించేవి. ఆ పలక చదివి నవ్వుకోవడంతో మా స్నేహం మొదలైంది.

ఆ కారుకి కంపెనీ వాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ ఎవరూ వాడేవారు కాదు. అందరికీ అది "మన కారు". దేశంలో తయారైన మొదటి కారు అదే. చాలాకాలం పాటు ఉన్న ఒక్క కారూ అదే. డాక్టరుగారిదీ అదే, పోలీసులదీ అదే, ట్యాక్సీ అయినా అదే, రంగు మాత్రం తేడా. నొప్పులొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళేదీ, బిడ్డతో ఇంటికి తీసుకొచ్చేదీ అదే. దాని లోపాలు ఇంట్లో మనిషి లోపాల్లాగా అందరికీ తెలుసు. వానొస్తే ముందు సీట్లో వాళ్ళ మోకాళ్ళు తడుస్తాయి. అద్దం దించబోతే పిడి ఊడి చేతికొస్తుంది. దాన్ని జేబులో వేసుకుని, దిగేటప్పుడు మర్చిపోకుండా ఇచ్చేసి వెళ్ళేవారు. ఎవరూ విసుక్కునేవారు కాదు. బయటివాడెవడైనా ఒక్క మాటన్నాడా, ఊరంతా వాడి మీద పడేది.

టీచరమ్మ మామగారు ఆ కారు తయారయ్యే ఫ్యాక్టరీలోనే టెస్ట్ డ్రైవరుగా చేశారు. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు. కొత్తగా తయారైన ప్రతి కారునీ ఫ్యాక్టరీ వెనక మైదానంలో ఒక చుట్టు తిప్పి, దాని చప్పుడు విని, బాగుంటే బయటికి పంపడం, లేకపోతే "దీనికి ఒంట్లో బాలేదు" అని లోపలికి పంపడం ఆయన పని. ఆయన కొడుకు గడియారాలు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. వెంట్రుకంత స్ప్రింగుని చెయ్యి వణక్కుండా బిగించే మనిషి, స్టీరింగు పట్టుకోమంటే మాత్రం అరచేతులకి చెమటలు పట్టి కిందికి దిగిపోయేవాడు.

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు, బట్టలారేసే తీగకి కారు అడ్డంగా ఉందని హ్యాండ్ బ్రేకు వదిలి, తనే వెనక్కి దొర్లించి, గోడకి జానెడు దూరంలో ఆపింది. పెద్దాయన వరండాలోంచి చూశారు.

"అమ్మాయ్, ఇది నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు మామయ్యా. మీరు చేస్తుంటే చూశాను."

"మా వాడు పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాడు. వాడికి రాలేదే."

మర్నాటి నుంచే పాఠాలు మొదలయ్యాయి. ఆయన రిటైరైన రోజున కంపెనీ వాళ్ళు గడియారం ఇవ్వబోతే, "మా ఇంట్లో గడియారాలు పెట్టుకోవడానికి గోడలు చాలట్లేదు, ఆ పాత టెస్ట్ కారు ఇవ్వండి" అని అడిగారట. వాళ్ళు నవ్వి ఇచ్చేశారు. తను కూర్చునే వైపు అదనంగా ఒక బ్రేకు బిగించుకుని, టీచరమ్మ ఆ కారుతోనే డ్రైవింగు బడి మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకి నేనూ చేరాను. ఆవిడ దగ్గర నేర్చుకోవడం సరదాగా ఉండేది. బరువైన కారు. గేరు కర్ర స్టీరింగు కిందనే పక్కకి పొడుచుకొచ్చి ఉండేది. "దాన్ని లాగకు, కరచాలనం చేసినట్టు పట్టుకో" అనేది. ఎదురుగా బస్సు వస్తుంటే మా పైప్రాణాలు పైనే పోయేవి. ఆవిడ మాత్రం కిటికీలోంచి చూస్తూ, "బస్సు డ్రైవరుకి కూడా ఇంటికెళ్ళాలనే ఉంటుందిలే, నీ దారిన నువ్వు పో" అనేది. ఆవిడ తిట్టగా నేను చూసింది ఒక్కర్నే, బేకరీ వ్యాను నడిపే పాత శిష్యురాల్ని. అదీ ప్రేమతోనే. "బన్నులు చల్లారిపోతాయని మలుపులో అంత స్పీడా? ఆస్పత్రికి చేరాక వేడి బన్నులు ఎవరు తింటారు?"

నేను చేరేసరికే మన కారుకి మంచిరోజులు వెనకబడ్డాయి. కంపెనీ ఏళ్ళ తరబడి అదే కారు చేస్తూ, దీపాలు ఒకసారి గుండ్రంగా, ఒకసారి పలకలుగా మార్చి, కొత్త మోడల్ అని చెప్పుకొచ్చింది. ఈలోగా బయటి దేశాల నుంచి తేలికపాటి చిన్న కార్లు దిగాయి. వాటి అద్దాలు మీట నొక్కితే దిగేవి, వానలో మోకాళ్ళు పొడిగా ఉండేవి. ముందు డాక్టరుగారు మారారు. తర్వాత ట్యాక్సీలు. పోలీసులు మారిన రోజున పెద్దాయన అన్నం సయించలేదని లేచిపోయారు.

టీచరమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా నసుగుతూ వచ్చేవారు. "మా ఇంట్లో కారుకి గేరు కింద ఉంటుందండీ. దీని మీద నేర్చుకుంటే దానికి పనికొస్తుందా?"

"ఏనుగుని తోలినవాళ్ళకి మేకపిల్ల ఒక లెక్కా?" అని నవ్వేసేది ఆవిడ. కొందరు నవ్వి చేరేవారు. ఎక్కువమంది నవ్వి వెళ్ళిపోయేవారు.

పెద్దాయన ఆశంతా కంపెనీ తేబోతున్న కొత్త కారు మీద ఉండేది. ఈసారి నిజంగానే అంతా కొత్తదట. అది షోరూముకొచ్చిన రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని చూడ్డానికెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విప్పి కూర్చున్నారు. టీచరమ్మ టీ తెచ్చిచ్చింది.

"ఎలా ఉంది మామయ్యా?"

"రంగు బాగుంది" అన్నారు. కప్పు సగం అయ్యాక, "తలుపు వేస్తే బిస్కెట్ల డబ్బా మూత వేసినట్టుందమ్మా. మా రోజుల్లో అయితే గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు" అన్నారు. ఆ తర్వాత ఆయన ఆ కారు ఊసెత్తగా నేను వినలేదు.

నా లైసెన్సు పరీక్ష కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. పరీక్ష పెట్టే మైదానంలో ఒక మట్టి గట్టు ఉండేది. దాని మీదికి ఎక్కుతూ మధ్యలో ఆగి, వెనక్కి జారకుండా మళ్ళీ కదలాలి. ఇన్‌స్పెక్టరు వెనక సీట్లో, టీచరమ్మ నా పక్కన. ఎక్కాను, ఆగాను. కదలబోతే కారు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ దగ్గింది. ఆ తర్వాత దగ్గడానికి కూడా ఓపిక లేనట్టు ఉండిపోయి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. టీచరమ్మ తన బ్రేకు తొక్కింది. ఆవిడ పాదం పడిందంటే పరీక్ష పోయినట్టే.

ఆవిడ వెనక్కి తిరిగింది. "సార్, అమ్మాయి తప్పేం లేదు. తప్పు కారుది."

ఇన్‌స్పెక్టరు మంచివాడు. ఆయన భార్య కూడా టీచరమ్మ శిష్యురాలే. "నాకు తెలుసమ్మా" అన్నాడు. "కానీ కారుకి మార్కులు వేసే గడి నా దగ్గర లేదు. మీ పిల్లల్ని దీన్లో తెచ్చి ఎందుకు పాడుచేస్తున్నారు? మీ మీద గౌరవం కొద్దీ అంటున్నాను."

కారుని మెల్లగా గట్టు కిందికి దించి, ముగ్గురం దిగి పక్కకి నెట్టాం. ఇన్‌స్పెక్టరు కూడా చొక్కా చేతులు మడిచి ఒక పట్టు పట్టాడు. నాకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చాక మామగారికి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన బానెట్ ఎత్తి, పొద్దుగూకేదాకా తలదూర్చి, ప్రతి వైరూ, ప్రతి గొట్టమూ తడిమి చూశారు. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "దీనికి రోగమేం లేదు. వయసు మీదపడింది, అంతే" అన్నారు.

"నేనొక చిన్న కారు కొందామనుకుంటున్నా మామయ్యా. బయటిది."

ఆయన గుడ్డని జాగ్రత్తగా మడత పెట్టారు. "కొనుక్కో. నన్ను మాత్రం ఎక్కమనకు."

అలా వాకిట్లోకి ఎర్రటి చిన్న కారొచ్చింది. చిక్కల్లా టీచరమ్మకి దాన్ని నడపడం రాకపోవడమే. అన్నేళ్ళుగా ఏనుగుని తోలిన కాలు అది. మొదటిసారి బ్రేకు తొక్కితే నేను వెనక సీట్లోంచి ముందు సీట్ల మధ్యకి వచ్చిపడ్డాను. అవమానాన్ని దిగమింగుకుని ఆవిడ బేకరీ ఆవిడకి ఫోన్ చేసింది. ఆవిడ వ్యాను కూడా ఇలాంటిదే.

బేకరీ ఆవిడ ఆ అవకాశాన్ని వదులుకోలేదు. పక్క సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, టీచరమ్మ గొంతుతోనే మొదలెట్టింది. "నెమ్మదిగా అమ్మా. అది బ్రేకు, బొద్దింక కాదు."

"నన్నే అంటున్నావా?"

"మీరు నన్నన్న మాటే. వడ్డీ కలపలేదు."

అసలు గొడవ గేరుతో వచ్చింది. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా టీచరమ్మ చెయ్యి అలవాటు కొద్దీ స్టీరింగు కిందికి పోయేది. కొత్త కారుకి అక్కడ ఉన్నది వైపర్ల మీట. మండుటెండలో, బజారు మధ్యలో, వైపర్లు రెండూ టపటపా కొట్టుకునేవి. పళ్ళ కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు ఆకాశం కేసి చూసేవారు. ఒకాయన గొడుగు కూడా విప్పాడు. టీచరమ్మ నవ్వు ఆపుకోలేక కారు పక్కకి తీసి ఆపేసింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నాళ్ళూ మీరంతా నా పక్కన కూర్చుని ఎంత భయపడ్డారో ఇవాళ తెలిసింది" అంది. అటుపైన ఆవిడ పాఠాల్లో ఓపిక ఇంకాస్త పెరిగింది.

వైపర్లు ఊగడం తగ్గుతున్న రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం రేడియోలో వార్త వచ్చింది. ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. పెద్దాయన రేడియో కట్టేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లోకొచ్చారు. నీలం కారు వైపు చూశారు. అది అంత దూరం పోలేదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అమ్మాయ్, నన్నొకసారి గేటు దాకా తీసుకెళ్తావా?"

టీచరమ్మ ఎర్ర కారు తలుపు తీసింది. ఆయన తల వంచి ఎక్కి కూర్చున్నారు. నేను వెనకెక్కాను. దారి పొడుగునా లేని బ్రేకుని ఆయన కాలు తొక్కుతూనే ఉంది.

గేటు దగ్గర పాతవాళ్ళు చాలామంది చేరారు. రంగు వేసినాయన, తలుపులు బిగించినాయన, సీట్లు కుట్టినావిడ. ఒకరి కారు ఒకరు చూసి మొహమొహాలు చూసుకున్నారు. అన్నీ బయటివే. మన కారు ఒక్కటే ఒక్కటి వచ్చింది, అదీ ఇద్దరు అల్లుళ్ళు నెడుతుంటే. ఆ స్టీరింగు ముందు కూర్చున్న తలుపులాయన చెయ్యి బయటపెట్టి, "రండి రండి, కంపెనీ సొంత బండిలో వచ్చింది నేనొక్కణ్ణే" అని అరిచాడు. ఏడవడానికి వచ్చిన జనం పడీ పడీ నవ్వారు. వాచ్‌మన్ కూడా నవ్వుతూ గేటు తీశాడు. "ఇంకెవరు అడుగుతారు, లోపలికెళ్ళి చూసుకోండి."

వెనక మైదానంలో పగుళ్ళలోంచి గడ్డి మొలిచింది. పెద్దాయన ఎర్ర కారు చుట్టూ ఒకసారి నడిచారు. తలుపు తీసి, చెవి దగ్గర పెట్టి వేశారు. మళ్ళీ తీసి మళ్ళీ వేశారు.

"తాళం ఇలా ఇయ్యి."

ఒక చుట్టు తిరిగారు. మలుపులో కాస్త వేగంగానే తిప్పారు. ఆ చుట్టు పొడుగునా వైపర్లు కొట్టుకుంటూనే ఉన్నాయి. అది చూసి టీచరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన దిగి, కారు నెత్తి మీద అరచేత్తో తట్టి, పాతవాళ్ళందరికీ వినబడేలా అన్నారు:

"ఒంట్లో బాగానే ఉంది. పంపించొచ్చు."

తలుపులాయన ఒక్క క్షణం ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత తనూ వెళ్ళి ఆ తలుపుని వేసి చూసి, "పనొచ్చినవాడే చేశాడు" అని ఒప్పుకున్నాడు.

ఎర్ర కారులో నేను గట్టెక్కి లైసెన్సు తెచ్చుకున్నాను. టీచరమ్మ బడి మళ్ళీ నిండింది. పెద్దాయన పోయేదాకా రోజూ సాయంత్రం కోడలి పక్క సీట్లో కూర్చుని ఊరు తిరిగొచ్చేవారు. నీలం కారుని సీట్లు కుట్టినావిడ కొడుకు తీసుకెళ్ళాడు. విడిభాగాల కోసం కాదు, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చుకోవడానికి. పూలదండలు వేసుకుని నెమ్మదిగా పోవడం దానికి బాగా సరిపోయింది.

మొన్న ఆ ఊరు వెళ్ళినప్పుడు టీచరమ్మని చూడ్డానికెళ్ళాను. జుట్టు మొత్తం నెరిసింది. వాకిట్లో ఒకమ్మాయి తన కొత్త కారు పక్కన నిలబడి ఉంది. బ్యాటరీతో నడిచేదట. గేర్లు లేవు, క్లచ్ లేదు, స్టార్ట్ చేసినా చప్పుడు లేదు. టీచరమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగిచూసి, ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది.

"దీనికి నేనే ఇంకా కొత్త. వారం ఆగి రా తల్లీ. ఈలోపు నేను ఎవరి దగ్గరైనా చేరతాను."