ఓడ కదిలేలోపు ఒక లెక్క

ఆమె పేరు నేను అడగలేదు. దీవులకు ఓడలు బయలుదేరే ఫీనిక్స్ బే జెట్టీలో నా పక్కన కూర్చుని, ఒళ్లోని వంకాయల బుట్ట మీద కాగితం పరిచి లెక్క చేస్తోంది. నలభై ఏళ్లుంటాయి. ఎమ్మెస్సీ లెక్కల ప్రవేశపరీక్ష రెండుసార్లు తప్పిందట.

"వదిలేద్దామంటే మా మేడమ్ వదలరండి. ఆవిడా మూడోసారికి గానీ గట్టెక్కలేదంట."

నెట్ అందని దీవిలో ఉండే ఆ టీచరు ఓడకో లెక్క పంపుతుంది. జవాబు తిరుగు ఓడలో వెళ్లకపోతే తర్వాతి లెక్క రాదు. ఓడ కదలడానికి పది నిమిషాలే ఉన్నాయి.

మా తాతగారు తమ భూముల కొలతలన్నీ నోటిలెక్కతోనే చెప్పేవారు. భూములు పోయినా ఆ తెలివి నాకు మిగిలిందన్న నమ్మకంతో సాయం చేస్తానన్నాను.

"అరే, లెక్క నేనే చెయ్యాలి సార్. మీరు జరా బుట్ట పట్టుకోండి, బస్."

మా వంశంలో బుట్ట పట్టిన మొదటివాణ్ని నేనే. నిటారుగా నిలబడి పట్టుకున్నాను. ఆమె కాగితం ఒళ్లోకి మార్చుకుంది.

"భయ్యా, బైంగన్ కైసే?" అని ఒకాయన వంకాయల ధర అడిగాడు. ఆమెను కదిలించడం ఇష్టంలేక నేనే అమ్మాను. బేరమాడడం మా ఇంట అలవాటు లేదు కనుక ఇచ్చినంత తీసుకున్నాను. దాంతో ఇంకో నలుగురు వచ్చారు.

"రుకో భయ్యా!" అంటూ ఆమె లెక్క ముగించి పరుగెత్తి, నిచ్చెన తీయబోతున్న ఓడ మనిషి చేతిలో కాగితం పెట్టింది. తిరిగొచ్చి బుట్టలోకి చూసింది.

"వంకాయలేవి సార్?"

"అమ్మేశానమ్మా," అన్నాను గర్వంగా.

"అయ్యో, అవి రేపు చర్చిలో విందుకండీ!"

తలొంచుకుని, వచ్చిన డబ్బంతా ఆమె చేతిలో పెట్టాను. ఆమె మాత్రం కదిలిపోతున్న ఓడ వైపు చూసి పకపకా నవ్వింది.

"పోతే పోనీండి సార్. లెక్క ఓడెక్కేసింది కదా."