కాటా మీద పైడమ్మక్క

వానకు తడిసిన బొగ్గు వాసన పోర్టు వైపు నుంచి మా బాల్కనీలోకి వచ్చింది. ఒళ్ళో మా అమ్మాయి ఇచ్చిన నవల. అందులో ఒక దేశంలో ఆడవాళ్ళ హక్కులు ఒక్కొక్కటే ఊడబెరుకుతూ పోతారు. ముందు ఉద్యోగం, తర్వాత చదువు, చివరికి పేరు. ఒళ్ళు మండి రెండుసార్లు పుస్తకం మూసేశాను. మూడోసారి మాత్రం సిగ్గుతో మూశాను. ఆ పేజీలో, సంచి సర్దుకుని వెళ్ళిపోతున్న ఒకావిడ పక్కన, ఆవిడ సీటు దక్కబోయే కుర్రాడు గోడ వంక చూస్తూ నిలబడ్డాడు. వాడెవడో నాకు బాగా తెలుసు.

నేను పోర్టులో పనికి చేరిన కొత్తలో మా బొగ్గు యార్డులో లారీలు తూచే కాటా పైడమ్మక్క చేతిలో ఉండేది. పక్కనే ఉన్న యారాడ ఊరి మనిషి, గొంతు లారీ హారన్‌కి తీసిపోదు. తూకమప్పుడు లారీలో మనిషి ఉండకూడదు. డ్రైవర్లు బద్ధకించి కూర్చుంటే కిటికీలోంచి అరిచేది: “దిగు నాయనా! నాను బొగ్గు తూత్తాను గానీ నీ బొజ్జ తూయను!” ఆవిడ దగ్గర పని నేర్చుకున్న ఆ ఏడాది నేను తిన్న తిట్లు కూడా తక్కువేం కాదు. ఒక్కటీ ఊరికే పోలేదు.

ఒకరోజు కొత్త మేనేజరు కాగితం పంపాడు. కాటా ఆడవాళ్ళకు తగిన పని కాదట, ఆవిడ ఊళ్ళో ద్వారకా నగర్ ఆఫీసుకు వెళ్ళి ఫైళ్ళు సర్దాలట. సీటు నాకు. అబద్ధమెందుకు, లోపల ఎగిరి గంతేశాను. అక్క క్యారేజీ సర్దుకుంటుంటే మొహం చెల్లక, “మీ అంత బాగా తూకం వేసేవాళ్ళు లేరక్కా. ఇది అన్యాయం” అన్నాను.

ఆవిడ క్యారేజీ మూత బిగించి నావైపు చూసింది.

“మరి ఆ మాట నాకెందుకు సెప్తన్నావ్? నాకు తెల్దేటి? ఆయనకి సెప్పు.”

వెళ్ళాను. అదే మాట చెప్పాను. “నీకా సీటు వద్దా?” అన్నాడు మేనేజరు.

“కావాలండీ. ఆవిడ రిటైరయ్యాక.”

నా మాటకే కరిగిపోయాడని గొప్పలు చెప్పుకోను. అక్కను పంపేసి కాటా నాకే అప్పగించాడు. ఆ వారం నా చేతుల్లో లారీలు గేటు దాకా నిలిచిపోయాయి. డ్రైవర్లూ వెళ్ళి అక్కనే పిలిపించమన్నారు. ఎనిమిదో రోజు ఆవిడ తిరిగొచ్చి, “లెగు బాబూ, కుర్సీ వేడెక్కించీసినావ్” అంది. అంతే. మధ్యాహ్నం తన చేపల పులుసులో సగం నా గిన్నెలో వంచింది. హమ్మయ్య అనుకుంటూ తిన్నాను. ఆవిడ రిటైరయ్యాకే మళ్ళీ ఆ సీట్లో కూర్చున్నాను, హాయిగా.

ఈ సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి వస్తూనే, “ఎంతవరకు చదివావ్ నాన్నా?” అంది. నేను జవాబిచ్చేలోపే తన గోడు మొదలుపెట్టింది. “మా టీములో ఒకావిడ కడుపుతో ఉందని పని మార్చేస్తున్నారు. ఆవిడ పని నాకిస్తారట. పాపం, నాకంటే బాగా చేస్తుంది నాన్నా.”

“మరి ఆ మాట నాకెందుకు సెప్తన్నావమ్మా?”

అచ్చం పైడమ్మక్క గొంతు, నా నోట్లోంచే. అమ్మాయి చెప్పులు విప్పబోతూ ఆగింది. ఫోన్ తీసి వాళ్ళ మేనేజరుకు కలిపింది.

“సార్, ఒక్క నిమిషం మాట్లాడాలి” అంది.