టైటానియం కళ్ళజోడు

అండమాన్‌లో డిగ్లీపూర్ వెళ్ళే బస్సులో సీటు మీదున్న కళ్ళజోడును చూడకుండా దాని మీద కూర్చున్నాను. అద్దాల మధ్య కడ్డీ వంగిపోయింది. అది పక్కనున్న పెద్దావిడది. మర్నాడు చర్చిలో జరిగే మనవరాలి పెళ్ళిలో ఆమె బైబిలు చదవాలట.

సరిచేయబోతే కడ్డీ కొంత లొంగి, వదలగానే వెనక్కి వచ్చేసేది. ఇంకా గట్టిగా వంచాను.

"రహ్‌నే దో బాబూ, వదిలెయ్. టైటానియం అది. అటూ ఇటూ ఒంచితే ఇరిగిపోద్దని షాపోడు చెప్పాడు."

నాకు ఆగడం చేతకాదు. మళ్ళీ వంచాను. పుటుక్కున విరిగింది.

క్షమించమన్నాను. ఆమె ముక్కల్ని కొంగున ముడేసుకుంది. తర్వాత బైబిలు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వు చదువు, నేను బట్టీ పడతాను. ధీరే, మెల్లగా."

దారంతా, పెళ్ళిలో ఆమె చదవాల్సిన ఆ ఒక్క భాగమే చదివాను. తొందరపడినప్పుడల్లా ఆమె నా మోచేయి తట్టేది.

ఈనాటికీ ఇంట్లో ఎవరైనా ఆగమంటే వెంటనే ఆగలేను. చేతిలో ఉన్నదాన్ని మాత్రం కింద పెడతాను.