థింసా వరసలో చివరి చెయ్యి

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఘాటు రోడ్డు మలుపులో ఎవరో చెయ్యెత్తారనీ, రైలు సొరంగంలో ఏడుపు వినబడిందనీ లారీ డ్రైవర్లు మా కొట్టు ముందు చెప్పుకుంటుంటే లోపల కూర్చుని నవ్వుకునేవాణ్ణి. నేను రాస్తున్నది మాత్రం డిగ్రీ మొదటి సంవత్సరంలో, పట్టపగలు, వేదిక మీద నాకే జరిగిన సంగతి. అప్పుడు దాన్ని దాచాను. దాచి ఊరుకోలేదు, దాని బదులు ఒక అబద్ధం చెప్పాను. అది నన్ను చేరదీసిన మనిషికే తగిలింది.

ఇంటర్ దాకా చీపురుపల్లి దగ్గర అమ్మమ్మ ఇంట్లో చదివి, డిగ్రీకి నాన్న దగ్గరకు అరకు వచ్చాను. నాన్నది కిరాణా కొట్టు. నా క్లాసు పిల్లల ఇళ్ళలో పండిన పసుపూ, వాళ్ళు ఏరిన చింతపండూ మా తూకం మీదికే వచ్చేవి. ఆ తూకం ఎంత తక్కువ చూపేదో వాళ్ళందరికీ తెలుసు. అందుకని నా బెంచీలో ఎవరూ కూర్చునేవారు కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు.

కాలేజీ వెనక మైదానంలో పొద్దున్నే కళాబృందం థింసా నాట్యం సాధన చేసేది. మంచులో డప్పు వినబడేది గానీ కొట్టేవాడు కనబడేవాడు కాదు. వేరే పని లేక గోడ పక్కన నిలబడి చూసేవాణ్ణి. ఒకరోజు రెండో సంవత్సరం చదివే సుక్రి వరసలోంచి కేకేసింది.

"ఒరే షావుకారు గుంటడా, సూత్తే ఏటొస్తాది? బేగి రా. ఒక సెయ్యి తక్కువైంది."

నాకు రాదన్నాను.

"కాళ్ళున్నాయి కదా. అవే నేర్సుకుంటాయిలే."

ఊళ్ళలో థింసా ఆడవాళ్ళ ఆట. మా బృందంలో ఆడపిల్లలు చాలక మగపిల్లల్నీ కలిపారు. అందులో పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోరు. పక్కవాళ్ళ నడుం వెనకనుంచి చెయ్యి చాచి, వాళ్ళకు అవతల ఉన్న మనిషి చెయ్యి పట్టుకోవాలి. పట్టుకున్న చెయ్యి కంటికి కనబడదు. నా ఎడమన బుద్రి అనే సన్నపాటి అమ్మాయి, ఆమెకు అవతల వరస చివర సుక్రి. బుద్రి నడుం వెనక నేను పట్టుకునేది సుక్రి చెయ్యి. బొటనవేలి మొదట్లో పాత కొడవలి గాటు, దారంలా ఉబ్బి ఉండేది. కొద్దివారాల్లోనే ఆ చేతిని వెయ్యింటిలో గుర్తుపట్టగలిగాను.

సాధన అయ్యాక గోడ మీద కూర్చుని, క్యాను మూతలో ఒకరి తర్వాత ఒకరం రాగి అంబలి తాగేవాళ్ళం. "మనోడు బస్తా మోసినట్టు ఆడతన్నాడు" అని బుద్రి నా నడక నడిచి చూపించేది. వలిసె పూలు విరిసినప్పుడు కొండవాలంతా పసుపు పూసినట్టుండేది, ఆ గట్ల మీదే అడుగులు దిద్దుకునేవాళ్ళం. ఆదివారం కొట్టు ముందు నిలబడి వాళ్ళు నన్ను పేరుపెట్టి పిలిస్తే నాన్న తలెత్తి చూసేవాడు. నాకు గర్వంగా ఉండేది. నా జీవితంలో నేను ఒక గుంపులో మనిషినైంది అప్పుడే.

ఆ ఏడు తుఫాను వానలు ఆగకముందే విశాఖలో యువజనోత్సవాలు పెట్టారు. మేం బస్సులో ముందే వెళ్ళాం. అవ్వకు బాగాలేదని సుక్రి ఊరికి వెళ్ళింది, సాయంత్రం రైలుకు వస్తానంది. మర్నాడు మా వంతు వచ్చేవరకూ రాలేదు. తెర వెనక ఇరుకులో తోసుకుంటూ వరస కడుతుంటే "సుక్రి వచ్చీసిందంట" అని ఎవరో అన్నారు. చెయ్యి చాచాను. అందింది. గాటు నా వేళ్ళకు తగిలింది. తడిగా, చల్లగా ఉంది. వానలో వచ్చింది కదా అనుకున్నాను.

ఆట బాగా సాగింది. మధ్యలో వరస పాములా చుట్టుకునే అడుగు ఉంటుంది. అప్పుడు చివర ఉన్నవాళ్ళు మన ఎదురుగా వస్తారు. నేను చూశాను. చివర ఉన్నది బుద్రి. ఎడమ చెయ్యి తన నడుం మీదే పెట్టుకుంది. ఆమెకు అవతల ఖాళీ చెక్కల వేదిక.

నా చేతిలో మాత్రం చెయ్యి అలాగే ఉంది. డప్పుకు తగ్గట్టు నొక్కుతోంది కూడా.

వదిలేశాను. వెనక ఆసరా పోయి బుద్రి పడింది. ఆమెతో ఇంకో ఇద్దరు పడ్డారు. డప్పు ఆగింది. జనం నవ్వారు.

తెర వెనక మాకు ఆట నేర్పే మాష్టారు ఏమైందని అడిగారు. చివర ఎవరి చెయ్యో ఉందని చెబితే పిచ్చివాడంటారు. నేను వదిలానని చెబితే మళ్ళీ ఆ ఒంటరి బెంచీకే వెళ్ళాలి. "సుక్రి రాలేదు కద సార్, అందుకే వరస చివర నిలవలేదు" అన్నాను. అందరూ నమ్మారు.

దారిలో టైడా స్టేషను దగ్గర పట్టాల మీద బండరాళ్ళు పడి రాత్రీ పగలూ రైలు ఆగిపోయిందట. చీకటిపడే వేళకు తడిసిన సంచీతో సుక్రి చేరింది. రైలు సంగతి చెప్పినా వినకుండా, రేపటినుంచి సాధనకు రావద్దన్నారు మాష్టారు. ఆమె సంచీ భుజానికెత్తుకుంది. నావైపు ఒకసారి చూసింది. నేను డప్పులు మూటకట్టే పనిలో పడ్డాను.

తర్వాత బుద్రిని మాటల్లో పెట్టి అడిగాను. నడుం వెనక నా చెయ్యొక్కటే ఉందంది. భయంవల్ల అలా అనిపించిందనుకుందామంటే, భయపడింది చూశాక కదా. గాటు తగిలింది అంతకుముందే. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఇప్పటికీ అంతే.

నేను మూడేళ్ళూ ఆ బృందంలోనే ఆడాను. నా స్నేహాలన్నీ అక్కడివే. తర్వాత కొట్టు నాకొచ్చింది. సంతరోజున సుక్రి దూరంగా కనబడితే సరుకు తీసే నెపంతో లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

మొన్న జూన్‌లో తప్పించుకోలేకపోయాను. సుక్రి తన కూతుర్ని అదే కాలేజీలో చేర్చి, హాస్టలుకు బకెట్టూ తాళంకప్పా కొనడానికి నేరుగా మా కొట్టుకే వచ్చింది. "అక్కడ పాటలూ ఆటలూ ఉంటాయంట, నేను చేరతాను" అంటోంది ఆ పిల్ల. "మీ అమ్మ థింసా ఆడితే మైదానం నిండిపోయేదమ్మా" అన్నాను, నోరు ఊరుకోక.

పిల్ల తెల్లబోయింది. "అమ్మా, నువ్వు ఆడేదానివా?"

సుక్రి బకెట్టు పిడి లాగి చూస్తోంది. అన్నేళ్ళలో కన్నకూతురికి కూడా ఆ మాట చెప్పుకోలేదన్నమాట.

నేను ఆగలేక చెయ్యి సంగతంతా చెప్పేశాను. ఆమె విని, "నాకేటీ తెలీదు. ఆ పూట రైల్లో తొంగున్నాను" అంది. బకెట్టు బల్ల మీద పెట్టి, "ఇంతకీ నువ్వు దెయ్యం కత సెప్తన్నావా, సేసింది సెప్తన్నావా?" అంది.

కొట్టులో ఇంకా ఇద్దరు ముగ్గురు బేరానికి నిలబడి ఉన్నారు. బల్ల దాటి బయటికొచ్చి, ఆ పిల్ల కూడా వినేలా చెప్పాను.

"వరస విరగ్గొట్టింది నేను. నీ పేరు చెప్పి తప్పించుకున్నాను. నిన్ను పంపేస్తుంటే నోరు విప్పలేదు. తప్పు నాదే సుక్రీ. నన్ను క్షమించు."