జగ్గారావు పడవకు తీగలు కలిపిన మా బావ

మా బావ రాజనర్సు ముందు ఏ వస్తువైనా మూగబోయి కూర్చుంటే ఊరుకోడు. విప్పి చూస్తాడు. పెళ్లయిన కొత్తలో మా ఇంటికి వచ్చి, అన్నం వడ్డించాక కూడా లేచి వెళ్లి మా బాపు పాత రేడియో వెనక మూత తీశాడట. అన్నం చల్లారిపోయింది, రేడియో మాత్రం పాడింది. మా అక్క సుమిత్రమ్మ ఆ సంగతి ఇప్పటికీ ఫిర్యాదులాగే చెబుతుంది, చెబుతూ నవ్వుతుంది.

అమ్మ పోయాక నేను ఏడో తరగతిలో బడి మానేసి, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో అక్క దగ్గరికి వచ్చాను. కార్ఖానాలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం నా పని. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. తల వంచుకుని పని చేసేవాళ్లను ఎవరూ పట్టించుకోరు కాబట్టి అన్నీ చూస్తూ ఉండేదాన్ని. ఎక్కువగా చూసింది మా బావనే.

మొదట ఆయన రేడియోలు బాగుచేసేవాడు. వీసీఆర్లు వచ్చిన కాలంలో ఒక ఇంట్లో సినిమా వేసి, తీగలు లాగి వాడకట్టులోని టీవీలన్నిటిలో అదే సినిమా కనిపించేలా చేశాడు. తర్వాత పెద్ద గొడుగుల్లాంటి డిష్‌లు పెట్టుకుని కేబుల్ వాళ్లు వచ్చారు. బావకు పని పోయింది. మా వైపు చాలామందిలాగే ఆయనా బొంబాయి బస్సెక్కాడు. అక్కడ సముద్రం పక్కన, ధనవంతుల తెరచాప పడవలను బాగుచేసే షెడ్డులో పని దొరికింది. నీళ్ల లోతు చెప్పే డబ్బా, గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పే డబ్బా, దిక్కు చెప్పే డబ్బా, వీటన్నిటినీ తీగలతో కలపడం నేర్చుకున్నాడు. ఏడాదికి ఒక్కసారి దసరాకు ఇంటికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మా ఇంట్లో గడియారాలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టె అన్నీ బాగుపడేవి. మళ్లీ వెళ్లిపోయేవాడు. ఆయన వెళ్లిన రోజు అక్క ఎవరితోనూ మాట్లాడేది కాదు.

తొంభై ఏడులో బావ కాస్త ముందుగానే వచ్చాడు. అప్పుడే బోధన్ దగ్గర చెరుకు పండించే జగ్గారావు గారు ఆయన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. వాళ్ల నాన్న కోస్తా నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలువ కింద భూమి కొన్నాడు. జగ్గారావు గారు కుర్రతనంలో విశాఖపట్నంలో ఓడల మీద పనిచేసి, అన్న చనిపోతే వ్యవసాయానికి తిరిగి వచ్చిన మనిషి. హైదరాబాద్‌లో ఎవరో వద్దనుకున్న చిన్న తెరచాప పడవను కొని, లారీ మీద నిజాంసాగర్‌కు తెచ్చారు.

"ఈ నీళ్లు తాగే నా చెరుకు పెరిగింది. ఒక్కసారైనా వీటి మీద తిరగకపోతే ఎట్లా?" అన్నారు, మా గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

ఆయన అసలు ఆలోచన ఇంకొంచెం పెద్దది. చూడవచ్చేవాళ్లను పడవలో తిప్పాలని, మరో రెండు పడవలు కొనాలని, వాటిని చూసుకోవడానికి ఒక మనిషిని ఏడాది పొడుగునా పెట్టుకోవాలని ఉంది. అయితే వాళ్లావిడ ఇందిరాదేవి గారికి నీళ్లంటే భయం. కింద ఎంత లోతుందో తెలియని చోట కాలు పెట్టనని పట్టుబట్టారు.

"ఆవిడ ఒక్కసారి పడవెక్కి, భయం లేకుండా దిగాలి రాజనర్సూ. దిగిందా, పని నీదే. లేకపోతే ఉన్న పడవ కూడా అమ్మేస్తాను. ఇంట్లో పోరు పడలేను."

ఆ మాటకు లోపల అక్క చేతిలోని గిన్నె చప్పుడు ఆగిపోయింది. దసరా కాగానే తిరిగి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని బొంబాయి షెడ్డు సేఠు అప్పటికే చెప్పి ఉన్నాడు.

పడవతో వచ్చిన డబ్బాలు ఒక్కొక్కటీ ఒక్కో కంపెనీది. తీగల రంగులు కూడా ఒకదానికొకటి కలవవు. చుక్కాని దగ్గర జగ్గారావు గారికి ఒకటి, పడవ లోపలి గదిలో ఇందిరాదేవి గారికి ఒకటి, రెండు చోట్లా లోతు, గాలి, దిక్కు కనబడాలి. బావ మా వాకిట్లో చాప పరిచి అన్నీ ముందేసుకున్నాడు. తీగలు సన్నంగా ఉండటంతో నన్ను పిలిచాడు.

"మణీ, నీ చేతులు బారీక్ పనికి మంచిగుంటయ్. మాట్లాడే తీగెకు ఎర్ర దారం కట్టు, ఇనే తీగెకు పచ్చ దారం."

బీడీలకు కట్టే దారంతోనే కట్టాను. తీగలు మాట్లాడటమేమిటో నాకు అర్థం కాలేదని ఆయనకు తెలిసింది.

"మీ కార్ఖానల ఒకామె పేపర్ సదువుతది, మిగిలినోళ్లు బీడీలు సుట్టుకుంట ఇంటరు సూడు. గట్లనే. దిక్కు సంగతి ఒక్కటే సెన్సార్ చెప్తది. డబ్బాలు రెండు ఇంటయ్. ఇద్దరు ఒక్కపారి మాట్లాడిండ్రనుకో, ఎవ్వలికి సమజ్ కాదు."

"అయితే మనింట్ల మీ అవ్వ సెన్సారు, మనమంత డబ్బాలం," అంది అక్క.

బావ తల్లి భూమవ్వ అరుగు మీద నుంచి విననే విన్నది. "నేను మాట్లాడకుంటె మీరేం చేస్తరే? ఒకలి మొకం ఒకలు సూసుకుంట కూసుంటరు."

తీగల ముడులన్నీ చేరడానికి బావ ఒక ప్లాస్టిక్ సబ్బు డబ్బాను వాడాడు. నీళ్లు పోకుండా అంచులకు రబ్బరు వేశాడు. నిజాంసాగర్‌కు వెళ్లి, దిక్కు చెప్పే సెన్సారును పడవ లోపలి బల్ల కింద, ఇంజనుకూ బ్యాటరీకీ దూరంగా బిగించాడు. ఇనుము దగ్గరుంటే దానికి దిక్కు తప్పుతుందని, బల్లకు వేసిన మేకులు పీకి ఇత్తడి మరలు వేశాడు. సాయంత్రం పడవను గట్టు దగ్గర నిలబెట్టి చూస్తే రెండు డబ్బాలూ అచ్చం ఒకటే చెప్పాయి.

మర్నాడు పూజ. భూమవ్వ నిజామాబాద్ నుంచి సంచి నిండా సామాను తెచ్చింది. కొబ్బరికాయ కొట్టింది, నిమ్మకాయలు కట్టింది, పడవ లోపలికి వెళ్లి మూలమూలనా పసుపు, కుంకుమ పెట్టి చాలాసేపటికి బయటికి వచ్చింది. తర్వాత మేము పడవెక్కాం. జగ్గారావు గారు చుక్కాని దగ్గర, బావ తెరచాప తాడు దగ్గర. తోడుగా ఆడమనిషి ఉండాలని ఇందిరాదేవి గారు అడగడంతో నేను ఆమె పక్కన లోపలి గదిలో. అక్క, అవ్వ గట్టున నిలబడ్డారు.

ఇందిరాదేవి గారు బల్ల అంచును రెండు చేతులా పట్టుకుని, డబ్బా మీది అంకెల నుంచి కళ్లు తిప్పలేదు. "అమ్మాయ్, ఇరవై రెండడుగులట. ఇరవై రెండంటే మీ ఇల్లంత ఉంటుందా?"

మా ఇల్లు అందులో సగం కూడా ఉండదని చెప్పలేక తల ఊపాను.

కాసేపు అంతా బాగానే ఉంది. ఆనకట్ట కనబడుతోంది, దాన్ని చూస్తూ జగ్గారావు గారు నడిపారు. తర్వాత పడమటి నుంచి వాన తెరలా వచ్చి గట్టునూ ఆనకట్టనూ మింగేసింది. ఇంక డబ్బాలే దారి. గట్టు మాకు ఉత్తరంగా ఉంది. ఉత్తరం చూపించే వరకు తిప్పి, జగ్గారావు గారు అదే దారిన పోనిచ్చారు.

లోపల లోతు అంకె తగ్గడం మొదలైంది. పద్నాలుగు. తొమ్మిది. ఆమె ప్రతిదీ పైకి చదువుతున్నారు. జగ్గారావు గారు తల లోపలికి వంచారు.

"రాజనర్సూ, నాకేదో తేడాగా ఉందయ్యా. పొద్దుట్నుంచీ గాలి పడమటిది. మనం ఉత్తరానికి పోతుంటే ఎడమ చెంపకు కొట్టాలి. నాకు వీపుకు కొడుతోంది."

"డబ్బాలు రెండు ఒక్కటే చెప్తున్నయ్ సార్."

"రెండూ వినేది ఒక్కడి మాటే కదా. వాడే తప్పు చెబితే?"

అంతలో పడవ మెత్తగా ఆగింది. అడుగున ఒండ్రులో దిగబడింది. కుదుపేమీ లేదు, కడుపు నిండిన కుక్క నీడలో పడుకున్నట్టు పడుకుంది. వాన మాత్రం కొడుతూనే ఉంది.

బావ లోపలికి వచ్చాడు. ఆయన ముఖం చూసి నాకు భయమేసింది. అది వాన భయం కాదు. బొంబాయి బస్సు ఆయన కళ్లలో కనబడింది. జేబులోంచి చిన్న కంపాస్ తీసి గది గుమ్మంలో పట్టుకున్నాడు. ముల్లు ఒక వైపు చూపింది. బల్ల దగ్గరికి వచ్చేసరికి గిరుక్కున తిరిగింది. బల్ల కింద చూశాడు. మరలన్నీ ఇత్తడివే.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "బావా, పొద్దుగాల అవ్వ ఈడ్నే శానసేపు కూసున్నది."

ఇందిరాదేవి గారిని లేపి, ఆవిడ కూర్చున్న బల్ల మీది మెత్త తీశాడు. దాని కింద పసుపు రాసిన గుడ్డ మూట. విప్పితే గుర్రపు నాడా. దిష్టి తగలకుండా కొత్త ఇంటి గడపకు, కొత్త బండికి మా వైపు కొట్టే నాడా. అవ్వ దాన్ని సరిగ్గా సెన్సారు నెత్తిన పెట్టింది, కొడుకు చేసిన పనికి ఎవరి కన్నూ పడకూడదని.

బావ దాన్ని పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు. జగ్గారావు గారు గుమ్మంలో నుంచి చూశారు.

"మీ అమ్మగారా?"

"మా అవ్వనే సార్." నాడాను మళ్లీ గుడ్డలో చుట్టాడు. "ఆమె మీద కోపం చెయ్యకుండ్రి. నేనే ఎల్లే ముందట ఇంకోపారి సూడాలె. నిన్న సూసిన గద అని ఊకున్న. సార్, నేను బొంబాయికే పోత. అమ్మగారిని బుగులు పెట్టిచ్చిన."

అప్పుడు ఇందిరాదేవి గారు డబ్బా వైపు చెయ్యి చూపించారు. "ఎవరు భయపడ్డారు? ఇదేమంటోందో చూడండి. రెండున్నర అడుగులు."

"అయితే?" అన్నారు జగ్గారావు గారు.

"అయితే ఏముంది? మా పొలం కాలువలో దిగినంత. ఇక్కడి నుంచి కావాలంటే నేను నడిచి పోతాను. లోతు దగ్గర ఇది ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. ఇందాక ఇరవై రెండన్నప్పుడు ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాను. ఇప్పుడు హాయిగా ఉంది. సంచిలో జంతికలున్నాయి, తీయమ్మాయ్."

జగ్గారావు గారు నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. వానలో పడవ మధ్య కూర్చుని జంతికలు తిన్నాం. బావ మొదటిది నోట్లో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

నాడాను ఏం చేయాలన్నది తర్వాతి మాట. బావ నీళ్లలో వేయబోయాడు. ఇందిరాదేవి గారు ఒప్పుకోలేదు. "తల్లి పెట్టింది నీళ్లలో వేస్తావా? దానికి వేరే చోటు చూడు." పడవ ముందు కొసకు, సెన్సారుకు వీలైనంత దూరంగా కట్టారు. డబ్బాల్లో అంకెలు మెల్లగా తిరిగి తూర్పు దగ్గర నిలబడ్డాయి. రెండూ ఒక్కసారే. ఉత్తరమనుకుని మేము వచ్చింది తూర్పుకన్నమాట. వాన తగ్గాక బావ నడుము లోతు నీళ్లలో, బురదలో దిగాడు. జగ్గారావు గారు పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగి ఉండే పలకను పైకి లాగారు. ఒకరు తోసి, ఒకరు గెడ వేసి పడవను కదిలించారు.

దారిలో జగ్గారావు గారు ఒక్క పని చెప్పారు. "చుక్కాని ముందు మామూలు కంపాస్ ఒకటి బిగించు. దానికి ఏ తీగా కలపకు. ఎవరి మాటా వినకుండా అది దాని మాట అది చెప్పాలి. కొనబోయే రెండు పడవలకూ అట్లాగే చెయ్యి."

కొనబోయే రెండు పడవలు. బావ ముఖం మీది బురద తుడుచుకుంటున్నట్టు చాలాసేపు తుడుచుకున్నాడు.

గట్టున అవ్వ వానలో తడిసి ముద్దయి నిలబడి ఉంది. మేము దిగుతుండగానే అందుకుంది. "గంత గాలివానల సుత మీకేం గాలె. నేను లోపట నాడా పెట్టిన బిడ్డా. గదే కాపాడింది."

జగ్గారావు గారు గొంతు సవరించుకుని అటు తిరిగారు. బావ తల్లి కొంగు తీసుకుని ఆమె తల తుడిచాడు.

"అవునవ్వ, గదే కాపాడింది," అన్నాడు.

ఆ సాయంత్రమే కంఠేశ్వర్ ఎస్‌టీడీ బూత్‌కు వెళ్లాం. అద్దం తలుపు వెనక నుంచి బావ మాట వినబడదు, చెయ్యి ఊపడం మాత్రం కనబడుతుంది. మొదట సేఠు ఎదురుగా ఉన్నట్టు వంగి మాట్లాడాడు. తర్వాత నిటారుగా నిలబడ్డాడు. బయటికి రాగానే అక్క అడిగింది.

"ఏమన్నడు సేఠు?"

"తిట్టిండు."

"మస్తు తిట్టిండా?"

"మస్తు తిట్టిండు. ఆఖర్ల నా పనిముట్ల పెట్టె పంపిస్తనన్నడు."

అక్క దారిలో ఆయన కంటే ముందుగా, వేగంగా నడిచింది. మేము ఇంటికి చేరేసరికి పొయ్యి అంటించి ఉంది.

పెట్టె దీపావళికి వచ్చింది. బొంబాయికి పసుపు వేసుకుపోయిన లారీ తిరుగు దారిలో తెచ్చి మార్కెట్ యార్డు దగ్గర దించింది. బావ దాన్ని రిక్షాలో వేసుకుని, తాను పక్కన నడుస్తూ వచ్చాడు. మూత తీస్తే పట్టకార్లు, స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ కడ్డీ, అన్నిటి మీదా ఉప్పు గాలికి పట్టిన తుప్పు. అక్క వాకిట్లో చాప పరిచి, కిరసనాయిలు గుడ్డతో ఒక్కొక్కటీ తుడుస్తూ కూర్చుంది. బావ పేరు చెబుతూ అందించాడు, ఆమె తుడిచి గోడకు కొట్టిన మేకులకు వేలాడదీసింది.