ఎలుక కొరికిన బ్రేకు వైరు

మా పెద్దమ్మ మొన్న శుక్రవారం పొద్దున్నే పోయిందండీ. ఆటోనగర్‌లో పెదనాన్న వదిలివెళ్లిన కార్ల వైరింగ్ షాపును చివరిదాకా ఆవిడే నడిపింది. కబురు తెలియగానే ఆ వీధిలో షట్టర్లన్నీ దించేశారు.

నోరు మహా పెద్దది. మెకానిక్కులంతా ఆవిడ తిట్లు తిన్నవాళ్లే. కానీ పనికి కూర్చుంటే వేరే మనిషి. గాజులు తీసి గూట్లో పెట్టి, "ప్రభువా, నా చెయ్యి వణకనివ్వకు" అనుకున్నాకే వైరు ముట్టుకునేది.

ఒకసారి వరి కోతలప్పుడు కంకిపాడులో చేను పక్కన నా కారు పెడితే, ముందు చక్రం దగ్గర సెన్సర్ కనెక్టర్‌ని ఎలుకలు కొరికేశాయి. బ్రేకు ప్యాడ్ అరిగితే చెప్పే సెన్సర్ అది. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరనంటోంది. మర్నాడే పిల్లలతో అరకు ప్రయాణం.

"రెండు వైర్లూ కలిపి మెలేసెయ్ పెద్దమ్మా, లైటు ఆరిపోద్ది. అందరూ చేసేదేగా" అన్నాను.

"ఆరిపోద్దిరా. ప్యాడ్ మొత్తం అరిగి ఇనుముకి ఇనుము రాసుకున్నా మళ్లీ వెలగదు. కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేసి పడుకుంటావా?"

పాత కారులోంచి మంచి కనెక్టర్ కోసుకొచ్చింది. అతుకులు రెండూ ఒకచోట పడకుండా ఒక వైరు పొట్టిగా, ఒకటి పొడుగ్గా కోసి టంకం పెట్టి, వేడికి బిగుసుకునే స్లీవు తొడిగి వేడి చేసింది. నాచేత స్టీరింగ్ అటూ ఇటూ చివరికంటా తిప్పించి, వైరు లాగుతోందేమో, టైరుకి తగులుతోందేమోనని నేల మీద పడుకుని చూసింది. "తిరిగే చక్రం పక్కన వైరుకి కాస్త వదులుండాల్రా, కొత్త కోడలికి ఇచ్చినట్టు" అంది. నేనెంత వెతికినా అతుకు కంటికి ఆనలేదు.

మరుసటేడు మళ్లీ అరకు వెళ్లి ఘాట్ దిగుతుంటే ఆ లైటు వెలిగింది. పక్కకి ఆపి, కింద ఊళ్లోంచి మెకానిక్‌ని పిలిపించాను. అతను చక్రం విప్పి ప్యాడ్ నా చేతిలో పెట్టాడు. అట్టముక్కంత మందం కూడా లేదు. ఇవతల లోయ, వెనక సీట్లో ఆదమరిచి నిద్రపోతున్న పిల్లలు. పెద్దమ్మకి ఫోన్ చేస్తే, "వెలిగిందా! అయితే పనిచేస్తందన్నమాట" అని పకపకా నవ్వింది.

దేవుడి మహిమ గురించి చాలామంది చెప్పగా విన్నాను. నేను కళ్లారా చూసింది ఆవిడ పెట్టిన టంకం చుక్కలోనే.

శుక్రవారం సాయంత్రం పెట్టెలో పడుకోబెట్టాక చూస్తే, చూపుడువేలి కొసన టంకం కాల్చిన నల్లమచ్చలు. మా అమ్మ సబ్బుతో ఎంత రుద్దినా పోలేదట. ఎవరూ చెప్పకుండానే మా పిల్లలిద్దరూ ముందుకొచ్చి ఆ వేలు పట్టుకున్నారు. మూత వేసేవాళ్లు అలాగే ఆగి నిలబడ్డారు.